ఏకాకి భాషలు

తెలుగు వచ్చినవారు బెంగుళూరు వీథులలో నాలుగు రోజులు తిరిగితే ఒక విశేషం చెవిని తాకుతుంది. మనం పాలు అంటే అక్కడివారు హాలు అంటారు. మన పులి వారికి హులి, మన పువ్వు హూవు, మన పాము హావు, మన పది హత్తు. మన మాట పకారంతో మొదలైన చోట వారి మాట హకారంతో మొదలవుతున్నది. ఇది రెండు మూడు మాటలకు పరిమితమైన వింత కాదు. దేశ్యపదాలలో వరుసగా కనిపించే నియమం. అయితే ఆ కన్నడిగుడే పుస్తకాన్ని పుస్తక అనే అంటాడు గాని హుస్తక అనడు. పండితుణ్ణి హండిత అనడు. కారణమేమి? పాలు, పులి వంటి మాటలు ఆ భాషకు పుట్టుకతో వచ్చినవి. కన్నడంలో పదాది పకారం హకారంగా మారిన కాలంలో అవి కూడా మారాయి. ప్రాచీన కన్నడ శాసనాలలో వాటికి పాల్, పులి అనే రూపాలే ఉన్నాయి. పుస్తక, పండిత అన్నవి సంస్కృతం నుండి తెచ్చుకొని, సంస్కృతంలో ఉన్నట్లే నిలుపుకొన్నవి.

భాషల చుట్టరికాన్ని నిర్ణయించే శాస్త్రానికి కీలకం ఈ చిన్న పరిశీలనలో ఉన్నది. రెండు భాషలలో ఒకేలాంటి మాటలున్నాయా అని భాషావేత్త అడగడు. ఒక భాషలోని ఈ ధ్వనికి రెండవ భాషలో ఈ ధ్వని క్రమం తప్పకుండా వస్తున్నదా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఔనని సాక్ష్యమిచ్చే తోడు భాష ఒక్కటైనా దొరకని భాషలు లోకంలో ఉన్నాయి. వాటిని ఏకాకి భాషలంటారు. వాటి స్థితి అర్థం కావాలంటే ముందు సాక్షులున్న భాష కథ తెలియాలి. అందుకు మన తెలుగు కంటె మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు.

తెలుగు సంస్కృతం నుండి పుట్టినదన్న అభిప్రాయం మన ప్రాచీన వ్యాకర్తలలో బలంగా ఉండేది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో విలియం కేరీ వంటి పాశ్చాత్యులు కూడా అదే నమ్మారు. కావ్యాలు తెరిస్తే పుటపుటకూ సంస్కృత పదాలు కనిపిస్తాయి గనుక ఆ నమ్మకం వింతేమీ కాదు. మద్రాసులో ఉద్యోగిగా ఉండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన ఒక ఉపోద్ఘాతంలో దానిని కాదన్నాడు. మన వ్యాకర్తలు తెలుగు పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం అని ఏనాడో విభజించి పెట్టారు. ఎల్లిస్ ఆంధ్రదీపిక అనే నిఘంటువును కూర్చిన మామిడి వెంకయ్య గారి మాటలను ఉదాహరించి, ఆ విభాగాన్నే ఆధారం చేసుకొన్నాడు. తత్సమ తద్భవాలను పక్కన పెట్టి, మిగిలిన దేశ్యాలను, ధాతువులను తమిళ కన్నడాలతో పోల్చి చూపాడు. ఈ భాషలకు సంస్కృతంతో నిమిత్తం లేని సొంత మూలమున్నదని నిరూపించాడు. నలభై ఏండ్ల తరువాత, 1856లో, కాల్డ్‌వెల్ ఆ కుటుంబానికి ద్రావిడమనే పేరును స్థిరపరచాడు. ఇందులో నాకు మిక్కిలి నచ్చే విషయం ఒకటున్నది. కొత్త శాస్త్రానికి కావలసిన పనిముట్టు మన పాత వ్యాకరణాలలోనే సిద్ధంగా ఉన్నది. దానితో మరొక ప్రశ్న అడగడమే అప్పటికి మిగిలిన పని.

ఎరువు తెచ్చుకొన్న మాటలను ముందు తొలగించాలన్నది మొదటి సూత్రం. ఈ సూత్రం పాటించకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో ఆర్మీనియన్ భాష చరిత్ర చెబుతుంది. అందులో ఇరానీ పదాలు అసంఖ్యాకంగా ఉన్నందువల్ల దానిని చాలాకాలం ఇరానీ భాషలలో ఒకటిగా లెక్కించారు. 1875లో హూబ్ష్‌మన్ అనే జర్మన్ పండితుడు ఆ ఎరువు పొరను వలిచి చూసి, కింద ఉన్నది ఇండో యూరోపియన్ కుటుంబంలోనే వేరొక శాఖ అని తేల్చాడు.

రెండవ సూత్రం, పైకి కనిపించే పోలికను నమ్మరాదని. బద్నాం, బద్మాష్ అనే మాటలు ఉర్దూ మీదుగా మన వాడుకలోకి వచ్చాయి. వాటిలోని బద్ అనే పారసీక పదానికి చెడ్డ అని అర్థం. ఇంగ్లీషులో బ్యాడ్ అన్నా చెడ్డయే. ఉచ్చారణ దగ్గర, అర్థం ఒకటి, రెండు భాషలూ ఒకే మహాకుటుంబానివి. అయినా ఈ రెండు మాటలకూ ఏ సంబంధమూ లేదు. ఆస్ట్రేలియా ఆదివాసుల భాషలలో మబబరం అనే దానిలో కుక్కను డాగ్ అనే అంటారు. అది ఇంగ్లీషు నుండి తెచ్చుకొన్నది కాదు, ఆ భాష తన సోదర భాషలతో పంచుకొన్న పాత పదమే మారి మారి ఆ రూపానికి వచ్చింది. వేల మాటలున్న రెండు భాషలను పక్కపక్కన పెడితే ఇటువంటి కాకతాళీయాలు కొన్ని తప్పవు. ఇక అమ్మ, మామా వంటి మాటలు లోకమంతటా ఉన్నాయి. పసిబిడ్డ పెదవులు కలిపి విడిస్తే పుట్టే ధ్వనులవి. వాటిని చూపి చుట్టరికం చెప్పబోతే జార్జియన్ భాషవారు నవ్వుతారు. వారి భాషలో మామా అంటే తండ్రి.

దీనికి విరుద్ధంగా, కంటికి ఏమాత్రం పోలిక కనిపించనివి తోబుట్టువులు కావచ్చును. సంస్కృతంలో రెండుకు ద్వి, ఆర్మీనియన్‌లో ఎర్కు. ఒక్క ధ్వని కూడా కలవలేదు. కాని మూలభాషలో దకార వకారాలు కలిసి ఉన్న పదాదిలో ఆర్మీనియన్‌కు ఎర్క్ రావడం మరి కొన్ని మాటలలో కూడా స్థిరపడింది గనుక ద్వి, ఎర్కు ఒకే మూలం నుండి వచ్చాయని పండితులు అంగీకరిస్తారు. నియమం ఉన్నచోట పోలిక అవసరం లేదు. నియమం లేనిచోట పోలిక చాలదు.

ప్రాచీన కావ్యాలు చదివేటప్పుడు అరసున్న ఎందుకని మీలో చాలామంది విసుగుకొంటారు. ఆ అరసున్న ఇక్కడ సాక్షిగా నిలుస్తుంది. సంఖ్యావాచకమైన ఏడుకు అరసున్న లేదు; సంవత్సరమనే అర్థంగల ఏఁడుకు ఉన్నది. నేటి ఉచ్చారణలో రెండూ ఒకటే. కన్నడానికి వెళితే సంఖ్య ఏళు, అనునాసికం లేదు. తమిళానికి వెళితే సంవత్సరం ఆండు, అనునాసికం స్పష్టంగా ఉన్నది. మన మూఁడుకు తమిళంలో మూన్ఱు. అక్కడా అరసున్న చోట నకారమున్నది. అంటే అరసున్న పండితుల ఆడంబరం కాదు, ఒకప్పటి నిండు అనునాసికానికి మిగిలిన గుర్తు. అట్లే నేటి మానుకు, తమిళ మరానికి పోలిక తక్కువ; కావ్యభాషలోని మ్రాను నడుమ నిలిచి రెంటినీ కలుపుతుంది. తమిళ అవర్, ఇవర్ అనే మాటలు మన వారు, వీరు కావడంలో కూడా ఇటువంటి వర్ణవ్యత్యయమే జరిగింది. ఇట్లా సోదర భాషలూ ప్రాచీన వాఙ్మయమూ చేరి సాక్ష్యమివ్వగా, భద్రిరాజు కృష్ణమూర్తి వంటి విద్వాంసులు వ్రాతకెక్కని మూలద్రావిడాన్ని చాలావరకు పునర్నిర్మించగలిగారు. తెలుగు ధాతువులపై 1961లో వెలువడిన ఆయన గ్రంథం ఈ పద్ధతికి మేలైన ఉదాహరణ.

ఇప్పుడు ఈ సాక్షులందరినీ తొలగించి చూడండి. తమిళం లేదు, కన్నడం లేదు, గోండి, కువి, తుళు ఏవీ లేవు. వ్రాతలో ఉన్న ప్రాచీన రూపాలూ లేవు. నేటి తెలుగు ఒక్కటే మిగిలింది. అప్పుడు ఏఁడులో నకారముండేదని ఎవరు చెప్పగలరు? ఏకాకి భాషను పరిశోధించేవారి పరిస్థితి దాదాపు ఇదే.

ఏకాకి భాష అంటే ఏ భాషకూ చుట్టం కానిదని అర్థం చెప్పకూడదు. ఏ భాషతోనూ చుట్టరికం ఇంతవరకు నిరూపణ కానిదని చెప్పాలి. ఈ భేదం సూక్ష్మమైనదే గాని ముఖ్యమైనది. కాలం గడచినకొద్దీ మాటలు మారుతాయి, రాలిపోతాయి, కొత్తవి వస్తాయి. విడిపోయిన రెండు భాషల నడుమ కొన్ని వేల ఏండ్ల తరువాత మిగిలే సామాన్యపదాలు ఎంత తగ్గిపోతాయంటే, వాటిని కాకతాళీయ సామ్యాల నుండి వేరు చేయడం అసాధ్యమవుతుంది. చుట్టరికం ఉండి ఉండవచ్చు. చూపడానికి ఆధారం ఉండదు. పండితులు ఇటువంటి భాషను ఒకే ఒక సభ్యుడు గల కుటుంబంగా లెక్కిస్తారు. లెక్కించేవారిని బట్టి సంఖ్య మారినా, మృతభాషలతో కలిపి ఇవి నూరుకు తప్పక పైబడతాయి; నూట అరవై దాకా చెప్పినవారున్నారు. ప్రపంచంలోని భాషాకుటుంబాలలో మూడవ వంతుకు పైగా ఇటువంటి ఒంటరి కుటుంబాలే అంటే ఆశ్చర్యం కలుగుతుంది.

వర్గీకరింపరాని భాషలు వేరు. అండమాన్ దీవులలో ఉత్తర సెంటినల్ ద్వీపవాసులు బయటివారిని దగ్గరకు రానీయరు. వారి భాష ఎవరూ నేర్వలేదు, పదాలు వ్రాసుకోలేదు. దానిని ఏకాకి అనడానికి వీలులేదు. సామగ్రి ఉండి, పోల్చి చూసి, ఫలితం లేకపోయినప్పుడే ఆ మాట వాడాలి. సుమేరియన్ అటువంటిది. నేటి ఇరాక్ దక్షిణ భాగంలో మట్టిపలకలపై వ్రాసిన ఆ భాష లోకంలో తొట్టతొలిగా లిపికెక్కిన భాషలలో ఒకటి. సుమారు నాలుగువేల ఏండ్ల కిందటనే జనవ్యవహారం నుండి తప్పుకొన్నా, మనకు సంస్కృతం వలె, బాబిలోనియా పండితులకు చాలాకాలం విద్యాభాషగా నిలిచింది. ఆ విద్యార్థుల కోసం కూర్చిన ద్విభాషా పదపట్టికలే నేటి పరిశోధకులకు దారి చూపాయి. వేలాది పలకలు చదివిన తరువాత కూడా దానికి బంధువు దొరకలేదు.

జీవద్భాషలలో అందరికన్న ఎక్కువ చర్చకు వచ్చినది బాస్క్. స్పెయిన్, ఫ్రాన్సు దేశాల సరిహద్దున పిరనీస్ పర్వతాల పడమటి కొసలో ఏడెనిమిది లక్షలమంది దానిని మాట్లాడతారు. తమ భాషను వారు ఎవుస్కరా అంటారు. చుట్టూ ఉన్న స్పానిష్, ఫ్రెంచి, గాస్కన్ భాషలన్నీ లాటిన్ సంతానం. ఈ ఒక్కటి ఆ కోవకు చేరదు. అంతేకాదు, ఇండో యూరోపియన్ కుటుంబానికే చేరదు. రోమనులు రాక పూర్వమే అది అక్కడ ఉన్నదనడానికి ఆధారాలున్నాయి. పిరనీస్ పరిసరాలలో దొరికిన రోమన్ యుగపు శాసనాలు లాటిన్‌లో ఉన్నవే గాని, వాటిలోని కొన్ని వ్యక్తినామాలు, దేవతానామాలు లాటిన్ కావు. నెస్కాతో, చిసోన్, ఆందెరె వంటి పేర్లు నేటి బాస్క్‌లో బాలిక, పురుషుడు, స్త్రీ అనే అర్థాలుగల నెస్కాతో, గిజోన్, ఆంద్రె అనే మాటలను వెంటనే స్మరింపజేస్తాయి. ఆ ప్రాచీన భాషకు అక్విటేనియన్ అని పేరు పెట్టారు. అది బాస్క్‌కు తల్లి లేదా తల్లికి అతి సమీపమని నేటి పండితుల నిర్ణయం. 2021లో నవార్రా ప్రాంతంలోని ఇరులేగి కొండపై తవ్వకాలలో రెండువేల ఏండ్ల కిందటి కంచు హస్తఫలకం ఒకటి దొరికింది. దానిపై ఉన్న తొలి పదాన్ని శుభకరమైన అనే అర్థంగల నేటి బాస్క్ పదంతో పోల్చి 2022లో ప్రకటించినప్పుడు ఆ దేశమంతా సంబరపడింది. ఆ పఠనంపై వాదోపవాదాలు ఉన్నాయి. మిగిలిన పదాలు ఇంకా కొరుకుడుపడలేదు.

తోడు లేని భాషకు చరిత్ర చెప్పే మార్గాలు మూడున్నాయి. ఆ భాషలోనే రూపభేదాలను పరిశీలించడం, దాని మాండలికాలను పోల్చడం, ఎరువు మాటలకు అందులో పట్టిన గతిని చూడడం. బాస్క్‌లో ద్రాక్షమద్యాన్ని అర్దో అంటారు. కాని సమాసంలో ఆ రూపం కనిపించదు. ద్రాక్షతోట అనే అర్థంగల పదానికి మొదటి భాగం అర్దన్ అని ఉంటుంది. ఈ నకారం ఎక్కడిది? మన ఇల్లు ఇంటి, కన్ను కంటి అయినప్పుడు కూడా ఇటువంటి ప్రశ్నయే పుడుతుంది. ఇక మాండలికాలు చూస్తే పడమట అర్దావో, తూర్పువైపు ఒకచోట అర్నో. లాటిన్ నుండి ఆ భాషలోకి వెళ్ళిన మాటలు మూడవ సాక్షి. లాటిన్‌లో గొలుసు కతేనా, బాస్క్‌లో కతెయా. లాటిన్‌లో కిరీటం కొరోనా, బాస్క్‌లో కొరొఆ. రెండు అచ్చుల నడుమ ఉన్న నకారం బాస్క్‌లో లోపించిందని ఇవి చెబుతున్నాయి. మూడు సాక్ష్యాలూ కలిపితే, అర్దోకు పూర్వరూపం అర్దనో అని తేలుతుంది. వ్రాతలో ఎక్కడా దొరకని రూపమిది. మిచెలేనా అనే బాస్క్ పండితుడు 1961లో ప్రకటించిన ధ్వనిచరిత్ర ఇటువంటి విచారణలతో నిండి ఉన్నది. కృష్ణమూర్తిగారి గ్రంథం వెలువడిన సంవత్సరం కూడా అదే కావడం కాకతాళీయం.

బంధువులు లేని భాష అనగానే ఉత్సాహవంతులు బయలుదేరుతారు. బాస్క్‌ను కాకస భాషలతో, ఉత్తర ఆఫ్రికా బెర్బర్ భాషలతో, ఇంకా దూరపు భాషలతో ముడిపెట్టినవారున్నారు. గొడ్డలికి ఆ భాషలో అయిస్కోరా అంటారు. రాయికి హయిత్స్ అంటారు. గొడ్డలి మాటలో రాయి ఉన్నది గనుక ఈ భాష రాతియుగం నాటిదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వినడానికి ఎంతో సొంపుగా ఉన్నది. కాని అయిస్కోరా లాటిన్‌లో చిన్న గొడ్డలికి ఉన్న పేరు నుండి వచ్చినదని నిఘంటుకారులు చూపిన తరువాత ఆ కథకు ఆధారం మిగలలేదు. ఎరువు మాటలను ముందు తొలగించాలన్న సూత్రం మరొకసారి గుర్తు చేసుకోండి.

వాక్యనిర్మాణంలోని పోలికలు కూడా చుట్టరికానికి ప్రమాణం కావు. బాస్క్‌లో సకర్మక క్రియకు కర్త ఐన పదానికి ఒక ప్రత్యేక ప్రత్యయం చేరుతుంది. అకర్మక క్రియకు కర్త ఐతే చేరదు. హిందీ భూతకాలంలోని నే వంటిది. కాశ్మీరానికి ఉత్తరాన కారకోరం పర్వతాలలో హుంజా, నగర్, యాసీన్ లోయలవారు మాట్లాడే బురుషస్కీలో కూడా ఈ లక్షణమున్నది. ఇరువురూ ఇరవైల చొప్పున లెక్కిస్తారు. బురుషస్కీ కూడా ఏకాకి భాషయే. ఇంకేమి, ఇద్దరు ఒంటరివారిని ఒక ఇంటివారిని చేద్దామని కొందరికి తోచింది. అయితే ఇరవైల లెక్క చేతివేళ్ళు, కాలివేళ్ళు ఉన్న ఎవరికైనా తట్టగలది. క్రియ వాక్యాంతంలో రావడం తెలుగుకు, జపానుభాషకు, తుర్కీకి సమానమే. అంతమాత్రాన అవి చుట్టాలని నిరూపణ కాలేదు. బురుషస్కీ విశిష్టత వేరే ఉన్నది. అందులో చెయ్యి అని ఊరక అనడానికి వీలులేదు. ఎవరి చెయ్యో చెప్పి తీరాలి. అరీఙ్ అంటే నా చెయ్యి, గురీఙ్ అంటే నీ చెయ్యి. లారిమర్ అనే ఆంగ్లాధికారి 1935, 1938 సంవత్సరాల నడుమ మూడు సంపుటాలలో ఆ భాషకు వ్యాకరణం, కథలు, నిఘంటువు కూర్చాడు.

మన కుటుంబానికి సంబంధించిన వాదం కూడా ఒకటున్నది. నైరృతి ఇరాన్‌లో ప్రాచీనకాలంలో వర్ధిల్లిన ఎలమైట్ ఏకాకి భాషగా పేర్కొనబడేది. డేరియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండపై మూడు భాషలలో చెక్కించిన శాసనంలో అది ఒకటి. డేవిడ్ మెకాల్పిన్ అనే అమెరికన్ పండితుడు ఎలమైట్, ద్రావిడం ఒకే మూలం నుండి వచ్చాయని 1970లలో ప్రతిపాదించి, 1981లో గ్రంథరూపంలో విస్తరించాడు. నిజమైతే మన పూర్వుల కథ సింధునది దాటి పడమరగా సాగుతుంది. అందుకే ఈ వాదం చాలామందికి ప్రియమైనది. కృష్ణమూర్తిగారు 2003లో వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథంలో దీనిని పరిశీలించి, చూపిన ధ్వనినియమాలు నిలువజాలవని త్రోసిపుచ్చారు. తనకు ప్రియమైన భాషకు గొప్ప చుట్టరికం వస్తుందన్నా ఆధారం చాలకపోతే కాదనడం పాండిత్యంలో కష్టమైన పని.

ఏకాకి అనే పేరు శాశ్వతం కాదు. జపానుభాషను పూర్వం ఏకాకి అనేవారు. ర్యుక్యూ దీవులలోని వాడుకలు మాండలికాలు కావు, వేరు భాషలే అని గుర్తించాక అది ఒక చిన్న కుటుంబంలో సభ్యురాలైంది. కొరియా భాషకు, జేజూ ద్వీపభాషకు మధ్య కూడా ఇదే విచారణ. సైబీరియాలో యెనిసెయ్ నదీప్రాంతపు కెట్ భాష కథ మరింత ఆలోచింపజేస్తుంది. నేడు ఆ కుటుంబంలో జీవించి ఉన్నది అదొక్కటే. కొట్, అరిన్, అస్సన్, పుంపొకోల్ అనే దాని తోబుట్టువులు నశించాయి. అవి నశించకముందు పద్దెనిమిదవ శతాబ్దిలో ఆ మార్గాన వెళ్ళిన యాత్రికులు కొన్ని పదాలు వ్రాసి ఉంచారు గనుక కెట్‌కు కుటుంబమున్నదని తెలిసింది. ఆ కాగితాలు లేకపోతే కెట్ ఈనాడు ఏకాకి. ఎడ్వర్డ్ వాజ్డా 2008లో ఈ కుటుంబానికి ఉత్తర అమెరికాలోని నా-దెనె భాషలతో సంబంధముందని వాదించాడు. కొందరు ఒప్పుకొన్నారు, కొందరు సందేహిస్తున్నారు.

మన పొరుగున మహారాష్ట్రలో, బుల్ఢాణా జిల్లా జళగావ్ జామోద్ పరిసరాలలో రెండు వేల చిల్లర మంది మాట్లాడే భాష నిహాలీ. గ్రియర్సన్ భారతీయ భాషా పరిశీలన నాలుగవ సంపుటంలో, 1906లో, స్టెన్ కోనో దీనిని మొదట ముండా భాషగా, ద్రావిడ ప్రభావానికి లోనైనదిగా భావించాడు. ముండా కుటుంబమంటే మన శ్రీకాకుళం జిల్లాలోని సవర భాష చేరిన కుటుంబమే. నిహాలీ జనులు పొరుగువారి కోర్కూను కూడా మాట్లాడతారు. అది ముండా భాష. డచ్చి పండితుడు కైపర్ 1962లో నిహాలీ పదజాలాన్ని పొరలు పొరలుగా విడదీశాడు. అన్నిటికన్న పెద్ద పొర కోర్కూది. ఆపైన హిందీ మరాఠీల వంటి ఆర్యభాషలది. ద్రావిడ భాషలది ఒక చిన్న పొర. వారు రెండును ఇరర్ అనీ, మూడును మోథో అనీ, నాలుగును నాలో అనీ అంటారు. తెలుగువారికి వీటి అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. కాని ఒకటికి వారి మాట బిదుమ్. ఇది మనదీ కాదు, కోర్కూదీ కాదు. నీటికి జొప్పొ, కంటికి జికిత్. ఇట్లా పదజాలంలో దాదాపు నాలుగవ వంతు ఏ భాషకూ చెందకుండా మిగిలింది. నీరు, కన్ను వంటి మాటలను సాధారణంగా ఏ జాతీ పొరుగువారి నుండి తెచ్చుకోదు. కనుక ఆ మిగిలిన నాలుగవ వంతే అసలు నిహాలీ అని భాషావేత్తలు భావిస్తారు. కైపర్ మాత్రం ఒక హెచ్చరిక చేశాడు. ఇది బయటివారికి తెలియకుండా మాట్లాడుకోవడానికి కల్పించుకొన్న మర్మభాష కావచ్చునని కూడా ఆలోచించాలన్నాడు. ఆ సందేహం తీరాలంటే మాటలు కావాలి, వాక్యాలు కావాలి, కథలు కావాలి. నాగరాజగారి నిహాలీ గ్రంథం 2014లో మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ నుండి వెలువడింది.

నేపాలులో కుసుంద అనే అడవిజాతి ఉండేది. కాఠ్‌మాండూలో ఆంగ్లప్రభుత్వ ప్రతినిధిగా పనిచేసిన హాడ్జ్‌సన్ 1848లో ఈ జాతిని గురించి వ్రాశాడు. తరువాత కొన్ని పదాలు సేకరించి ప్రకటించాడు. చుట్టూ ఉన్నవి టిబెటో బర్మన్ భాషలు గనుక ఇదీ వాటిలో ఒకటే అని చాలాకాలం పట్టికలలో వ్రాసుకొన్నారు. పోల్చి నిర్ణయించినది కాదది, పొరుగును బట్టి ఊహించినది. ఈలోగా ఆ జాతివారు అడవి విడిచి గ్రామాలలో చెదిరిపోయారు, నేపాలీ మాట్లాడసాగారు. భాష అంతరించిందనే అందరూ అనుకొన్నారు. 2004లో జ్ఞానీమయ్యా సేన్, కమలా ఖత్రీ, ప్రేమ్ బహాదుర్ శాహీ అనే ముగ్గురు కాఠ్‌మాండూ వచ్చి, డేవిడ్ వాటర్స్ అనే భాషావేత్తకు, ఆయన నేపాలీ సహచరులకు కొన్ని నెలలపాటు ఆ భాష వినిపించారు. ముగ్గురూ వేర్వేరు చోట్ల బ్రతుకుతున్నవారు. తమ భాషలో మాట్లాడడానికి తోడు లేక ఏండ్లు గడచినవారు. ఆ నెలలలో వ్రాసుకొన్న సామగ్రితో వాటర్స్ ప్రకటించిన వ్యాకరణం కుసుంద టిబెటో బర్మన్ కాదని, తెలిసినంతలో ఏ కుటుంబానికీ చేరదని చూపింది. చుట్టుపక్కల భాషలలో లేని, గొంతు మూలాన పుట్టే హల్లులు అందులో ఉన్నాయి.

జ్ఞానీమయ్యా సేన్ 2020 జనవరిలో మరణించింది. అంతకు ముందు సంవత్సరం, 2019లో, నేపాలు భాషా ఆయోగం తోడ్పాటుతో డాంగ్ జిల్లాలో కుసుంద తరగతులు మొదలయ్యాయి. కమలా ఖత్రీ అక్కడ పాఠం చెప్పేవారిలో ఒకరు. ఎదుట కూర్చున్న పిల్లలు కుసుంద జాతివారే. ఇంటిలో ఆ భాష వినకుండా పెరిగినవారు.